మాత్రల డబ్బాలో ట్రిగ్గర్ స్ప్రింగు

2023 ఫిబ్రవరి 19, ఆదివారం ఉదయం 11:40కి హామిల్టన్ శివారు షూటింగ్ క్లబ్బులో నా పిస్తోలు పేలి, రూప ఎడమ పాదంలో మూడు ఎముకలు విరిగాయి. తప్పు తనదేనని ఆమె పోలీసులకు చెప్పింది. తప్పు నాది.

వీరభద్రరావు అనే నేను, వయసు 66, ముప్ఫై ఒక్క ఏళ్లు విలేకరిగా పనిచేసినవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకు ముందు రాసినవి చెల్లవు. దీన్ని అమలు చేయవలసింది నా కూతురు మృదుల.

1. ఇల్లు మృదులకు. బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న రూప ఖమ్మం నుంచి వచ్చిన కాలేజీ విద్యార్థిని. చదువు ముగిసి వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఆమె అద్దె లేకుండా అక్కడే ఉంటుంది.

2. పిస్తోలు పోలీసుల దగ్గరుంది. గత అక్టోబరు నుంచి ఇక్కడి చట్టం దాన్ని ఇంకొకరి పేరుకు మారనివ్వదు. మార్చనిచ్చినా ఎవరికీ రాయను. విచారణ ముగిశాక ధ్వంసం చేయించాలి.

3. దానికి విడిగా కొన్న గురి సైట్లు, ఇంకా బిగించనివి, క్లబ్బు మిత్రుడు అమరేశ్వరరావుకు. నాది చవక పిస్తోలని, "వీరభద్రం, దీంతో కొబ్బరికాయలు కొట్టుకో" అని అందరి ముందూ నవ్వినవాడు ఆయనే. ఆ వారమే కొత్త పిడి, కాస్త తాకితేనే ట్రిగ్గర్ కదిలే తేలిక స్ప్రింగు పోస్టులో తెప్పించాను. స్ప్రింగు పొట్లం మీద "కొత్తవాళ్లకు ఇవ్వవద్దు" అని ఉంది. చదివాను. అయినా బిగించి, మూడో వారం రూపను అతిథిగా తీసుకెళ్లి, పిస్తోలు చేతికిచ్చాను.

4. బాత్రూం అలమరలోని మాత్రల డబ్బా దర్యాప్తు అధికారికి. అందులో ఉన్నది ఆ తేలిక స్ప్రింగు. అంబులెన్సు హడావుడిలో పిస్తోలు నా పెట్టెలోనే ఉండిపోయింది. పోలీసులు మర్నాడు అడిగారు. ఈలోగా, ఆ మధ్యాహ్నం మూడింటికి, నేను పాత స్ప్రింగు తిరిగి బిగించాను. అందుకే నివేదికలో "ఆయుధంలో లోపం లేదు" అని వచ్చింది. దాన్ని చూపించి బీమావాళ్లు రూప క్లెయిమ్ తోసిపుచ్చారు.

మొదటి గుండు తను నొక్కాలనుకోక ముందే పేలిందని ఆమెకు అప్పుడే తెలుసు. రెండోది పిస్తోలు దించుతుండగా పేలింది. ముందే ఎందుకు చెప్పలేదని ఆస్పత్రిలో అడిగాను. "మీరంత ఇష్టంగా కొత్తవి బిగించుకున్నారు కదా అంకుల్. బాలేదని ఎట్ల అంట?" అంది.

5. నా కారు రూపకు. ఆటోమేటిక్, ఎడమ కాలితో పని లేదు. ఎటోబికోలోని గోదాములో నిలబడి పార్సిళ్లు సర్దే ఉద్యోగం ఆమెకు ఇక కుదరదని డాక్టరు చెప్పారు. కూర్చుని చేసే పని ఎక్కడ దొరికినా వెళ్లిరావడానికి.

6. నా ప్రెస్ కార్డులు ఎవరికీ వద్దు. పారేయండి.

7. గురువారం ఉదయం ఏడింటికి నాకు గుండె ఆపరేషన్. బుధవారం పదింటికి పోలీసు స్టేషన్‌లో వాంగ్మూలం ఇస్తాను. ఆలోగా నేను పోతే, మృదుల ఈ కాగితం, ఆ డబ్బా తీసుకెళ్లాలి. రేపు సాయంత్రం నాలుగింటికి రూప కట్టు మార్పించుకుని ఆస్పత్రి నుంచి వస్తుంది. మొదట ఆమెకే చెప్తాను.

హామిల్టన్, 2023 ఏప్రిల్ 3, సోమవారం.

(సంతకం) వీరభద్రరావు

మా కళ్లముందే సంతకం చేశారు. ఇందులో మాకేమీ రాయలేదు:
కేశవరావు, పక్కింటి వ్యక్తి
దమయంతి, కేశవరావు భార్య