దీపానికి టికెట్టు

అక్కా,

మైలలో ఉన్నాం కాబట్టి పైన శ్రీకారం పెట్టలేదు, తప్పుగా అనుకోకు. నువ్వూ బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? మీ అత్తగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేం బాగానే ఉన్నాం. అలా రాయాలి కదా, అందుకని రాశాను.

సముద్రం మా వీధిని మింగేశాక పడవ, వలలు, మావయ్యగారు, ఇవే మాకు మిగిలిన ఆస్తి. ఏటా వరద తీశాక వేటకొచ్చి రాజమండ్రికి ఎగువన గోదావరి ఇసుక తిప్ప మీద టార్పాలిన్ కట్టుకుని ఉండేవాళ్ళం కదా, ఇక అక్కడే ఉండిపోదామని వచ్చాం. చూస్తే తిప్ప చుట్టూ కంచె, గేటు, టికెట్ల గది! టూరిస్టులకని సర్కారువాళ్ళు క్యాంపు గ్రౌండు చేశారట. మా టార్పాలిన్‌కీ టికెట్టు, పడవ కట్టినందుకు వేరే టికెట్టు. వలలు ఆరేయకూడదు, పొయ్యి పెట్టకూడదు. మూడు రాత్రులు కాగానే ఖాళీ చేసి, ఒక రాత్రి బయటుండి మళ్ళీ టికెట్టు కొనుక్కుని రావాలి. ఈ వానల్లో ఆ బయట రాత్రి పడవలోనే తడిసేవాళ్ళం. చేపలు పట్టేవాళ్ళం, పొట్లాల పులిహోర కొనుక్కు తిన్నామే! ఏం బతుకక్కా ఇది?

మావయ్యగారు అక్కడే పోయారని నీకు తెలుసు కదా. ప్రాణం పోయిన చోట పదకొండో రోజు దాకా దీపం ఆరకూడదని ఆయన పడుకున్న ఇసుక మీదే పెట్టాం. వాచ్‌మన్ వచ్చాడు.

“నిప్పు పెట్టకూడదండి. రూలండి.”

“నిప్పేంటండి బాబూ, పోయినాయన దీపమండి.”

“దీపమైనా నిప్పేనండి. క్యాంప్ ఫైర్ టికెట్టు తీసుకోండి, ఏమీ అనరు.”

మీ మరిది వెళ్ళి అదీ కొనుక్కొచ్చారు. రసీదు మీద ‘ఆనందంగా గడపండి’ అని అచ్చేసి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అదీ ఒక్క పూటకేనట. మర్నాటికి మా మూడు రాత్రులూ అయిపోయాయి. కాళ్ళావేళ్ళా పడ్డాం. ఆ ఒక్క చోటు వదిలెయ్యండి, పదకొండో రోజు కాగానే మేమే పోతామన్నాం. “గడువు పెంచే అధికారం నాకు లేదండి” అన్నారు ఆఫీసరుగారు. పాపం, మర్యాదగానే అన్నారు.

పోనీ ఆ చోటి ఇసుకైనా తీసుకెళ్దామని మీ మరిది బకెట్టులోకి ఎత్తారు. గేటు దగ్గర ఆపేశారు. ఇసుక బయటికి తీసుకెళ్ళడం నేరమట! ఆయన బకెట్టు బోర్లించి అక్కడే కూలబడి ఏడ్చారు. ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. నేను దీపాన్ని కొంగు చాటున పెట్టుకుని పడవెక్కాను.

మళ్ళీ టికెట్టు కొనుక్కుని వెళ్ళేసరికి ఆ చోట ఎవరో పిక్నిక్ వాళ్ళ టెంటు ఉంది. వేరే చోట పెట్టి ఏం లాభమని వెనక్కొచ్చేశాం. దీపం ఇంకా పడవలోనే ఉంది. ఏ రేవులో ఆపినా ఎవరో ఒకరు పొమ్మంటున్నారు. మావయ్యగారు తిప్ప మీదికే వచ్చి వెతుక్కుంటారేమో, దీపం కనబడకపోతే మేం వదిలేసి పోయామనుకోరూ? ఆ ఆలోచనకే నాకు ముద్ద దిగడం లేదు.

మీ ఊరి వైపు వెళ్ళే చేపల ఐసు బండి అతనికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. అతను తిరిగొచ్చేటప్పుడు నువ్వుల నూనె, వత్తులకి బావగారి పాత పంచె ఒకటి పంపు. మైలలో దణ్ణాలు పెట్టకూడదు, దీవెనలు అడగకూడదు. పెద్దవాళ్ళందరినీ అడిగానని మాత్రం చెప్పు.

మొన్న పదకొండో రోజుకి ఎక్కడికి రావాలే అని నువ్వడిగినప్పుడు ఫోను కట్టయింది కదా. సిగ్నల్ పోలేదక్కా, నేనే పెట్టేశాను. ఏ చోటని చెప్పను? మీరెవరూ రావద్దు.

నీ చెల్లెలు
సత్యవతి