బండి తోలేది నేనేనట

అక్టోబర్ 9, గురువారం

భయం వేసినప్పుడల్లా అందరికీ ఫోన్లు చేయకమ్మా, కాగితం మీద పెట్టు, బీపీ తగ్గుతుంది అంది క్లినిక్కులో డాక్టరమ్మ. పెడుతున్నాను. ఐదో క్లాసు చదువు. అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. ఉండనీ, ఎవరు చూడొచ్చారు.

ఇవాళ్టి భయం ఇది. ఆదివారం అందరం కొండ మీదికి వెళ్తున్నాం. అక్కడ బీరు పండగట. పెద్ద కంపెనీలవి కాదట, ఎవరికి వాళ్ళు సొంతంగా చేసిన బీర్లు తెచ్చి పెడతారట, జనం రుచి చూస్తారట. మా కోడలి తమ్ముడు కూడా స్టాలు పెడుతున్నాడు. గడ్డం పెంచాడు కాబట్టి వాణ్ణి ఇంట్లో గడ్డం అనే అంటాం. లక్షణమైన ఆఫీసు ఉద్యోగం మానేసి, షెడ్డులో స్టీలు డ్రమ్ములు పెట్టుకుని బీరు వండుతున్నాడు. మొదటిసారి స్టాలు పెడుతుంటే అక్కా బావా రాకపోతే ఎలా అన్నాడట. నన్నొక్కదాన్నీ ఇంట్లో వదిలేస్తే గ్యాసు కట్టేశానా లేదా అని పక్కింటివాళ్ళని పిలిచి చూపిస్తానని, నన్నూ రమ్మన్నారు.

మావాడు డిపోలో బస్సు డ్రైవరు. సోమవారం పొద్దున్నే ఆరింటికి డ్యూటీ. ఈమధ్య లేటుగా వెళ్తున్నాడని సూపర్‌వైజరు కోపంగా ఉన్నాడు. ఇంకొక్కసారి డ్యూటీ ఎగ్గొడితే స్టీరింగు మీంచి దించేస్తానన్నాడట. అందుకని ఆదివారం చీకటి పడకముందే కొండ దిగాలి.

బీరు పండగ నుంచి దిగేటప్పుడు బండి ఎవరు తోలతారురా అని అడిగాను. మావాడు నవ్వాడు. డ్రైవర్నమ్మా నేను, ఆ రోజు వాసన కూడా చూడను అన్నాడు. ఒట్టు వెయ్యమన్నాను. నీ మీద కాదులే, బీరు మీదే ఒట్టు అన్నాడు. అన్నీ వేళాకోళాలే.

అక్టోబర్ 11, శనివారం

డ్రైవరు కొడుకున్న దానివి, నీకు రోడ్డంటే భయమేంటత్తయ్యా అంది కోడలు. అందుకే భయం.

అక్టోబర్ 12, ఆదివారం, పొద్దున్న

కారు ఆగింది. మనవరాలు వాంతి చేసుకుంది. నాలుగేళ్ళ పిల్ల, ఆ వంపులకి తట్టుకోలేకపోయింది. వెళ్ళాల్సింది ఇంకా సగం ఉంది.

దారి నిండా మలుపులు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే కనిపిస్తోంది. ప్రతి మలుపుకీ హారన్ కొట్టరా, మెల్లగా పోనీరా, ఎదురుగా లారీరా అంటూనే ఉన్నాను. ఇదిగో మా ఇంటి తుఫాను హెచ్చరిక, రోజుకి పదిసార్లు ఇస్తుంది, వాన మాత్రం పడదు అన్నాడు మావాడు. కోడలు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. నేనూ నవ్వాను. ఏం చేస్తాను.

అదే రోజు, మధ్యాహ్నం

బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

ముందు గేటు సంగతి రాయాలి. ఇక్కడ పద్ధతి ఏంటంటే, కార్లు బయట ఆపించి, తాళాలు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఒక్కో బండికీ ఒక మనిషి చేతికి పసుపు బ్యాండు కడతారు. గేటు దగ్గరమ్మాయి బ్యాండు పట్టుకుని ఎవరికి అని అడిగింది. కోడలు అప్పటికే పిల్లని ఎత్తుకుని బాత్‌రూము వెతుక్కుంటూ పోయింది. మావాడు నా చెయ్యి పట్టి ముందుకు పెట్టాడు. అమ్మకి కట్టండి అన్నాడు. ఆ అమ్మాయి నన్ను కింద నుంచి పైదాకా చూసి, ఈవిడకి లైసెన్సు ఉందా అంది. నాకు నేర్పిందే ఈవిడ అన్నాడు మావాడు. ఆ అమ్మాయి పకపకా నవ్వి కట్టేసింది. వెనక లైను పెరిగిపోతోంది. వాడి మాట ఎప్పటి వేళాకోళమే, ముసలివాళ్ళకి కట్టే బ్యాండేమో అనుకున్నాను.

లోపల ఎటు చూసినా స్టాళ్ళే. పలకల మీద చాక్‌పీసుతో బీర్ల పేర్లు. దగ్గు మందు గ్లాసులంత గ్లాసులు. ఒకటి తేనె వాసన, ఒకటి మాడిన కాఫీ వాసన. గడ్డం కుళాయి తిప్పితే మొదట నురగ తప్ప ఏమీ రాలేదు, వాడి మొహం పాలిపోయింది. మావాడు స్టాలు వెనక్కి వెళ్ళి వాడికి సాయం నిలబడ్డాడు. గ్లాసులో పడిన నురగ పారబోయడం ఎందుకని నోట్లో పోసుకున్నాడు. చూశాను. కళ్ళెర్రజేశాను. నురగమ్మా, ఇందులో ఏముంటుంది గాలి తప్ప అన్నాడు.

మళ్ళీ నురగ వచ్చింది. మళ్ళీ గాలి తాగాడు.

దాహమేసి పక్క స్టాలుకెళ్ళి నిమ్మరసం అడిగాను. స్టాలావిడ నా బ్యాండు చూసి, మీకు ఫ్రీ అండీ అంది. ఎందుకమ్మా అన్నాను. ఆ మలుపుల్లో బండి మీరే తోలతారా, మీ గుండె ధైర్యానికి దండం పెట్టాలి అంది.

అప్పుడు చదివాను. కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని. డ్రైవర్ అని ఉంది.

నిమ్మరసం అక్కడే వదిలేశాను.

అదే రోజు, సాయంత్రం నాలుగు దాటింది

మావాణ్ణి పక్కకి లాగి అడిగాను. కేకలెయ్యకు అన్నాడు. ఆ బ్యాండు కట్టుకున్నవాళ్ళని కుళాయిల దగ్గర నిలబడనివ్వరట. గడ్డానికి సాయం చేయాలి కదా, నువ్వెలాగూ తాగవు కదా, నీకు నిమ్మరసం ఫ్రీ కదా అన్నాడు. అన్నీ కదాలే. నిజంగా తాగకూడదనే వచ్చానమ్మా అన్నాడు. అది నిజమే అయ్యుంటుంది. వాడు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. అప్పుడు ఎర్రగా లేవు.

మూడింటికల్లా గడ్డం డ్రమ్ములన్నీ ఖాళీ అయిపోయాయి. జనం మళ్ళీ మళ్ళీ వచ్చి అడిగి తాగారు. వాడు ఏడ్చేశాడు పాపం. బావా, నువ్వు లేకపోతే నా పరువు పోయేది అని మావాణ్ణి కౌగిలించుకుని చేతిలో గ్లాసు పెట్టాడు. పెద్ద గ్లాసు. ఆ మొహం చూసి ఎవరు వద్దంటారు. తర్వాత పక్క స్టాలువాళ్ళు ఒకటిచ్చారు. తర్వాత చూడటం మానేశాను.

కోడలు కూడా తాగింది. ఆయన చేతికి బ్యాండు ఉందనుకుందట. నా చెయ్యి చూపించాను. దాని మొహంలో రంగు మారింది. వెళ్ళి మొగుణ్ణి గట్టిగానే కడిగింది. కానీ తిరిగొచ్చేసరికి మెత్తబడింది. ఇప్పుడేం చేస్తాం అత్తయ్యా, పొద్దున్న డ్యూటీకి వెళ్ళకపోతే ఆయన్ని దించేస్తారు, ఆయనకి ఈ రోడ్లు కొట్టిన పిండి అంది. అంటూ పిల్ల స్వెట్టర్ గుండీలు పెట్టింది. ఒకదానికి పెట్టాల్సింది ఇంకోదానికి పెట్టింది.

కిందికి వెళ్ళే బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. పసుపు బ్యాండున్న వాళ్ళని ఇద్దర్ని అడిగాను, బండి నిండిపోయింది అన్నారు. గడ్డం బల్ల కింద గురక పెడుతున్నాడు.

పొగమంచు దిగుతోంది. ఆ చివరి స్టాలు ఇప్పుడు కనిపించడం లేదు. అమ్మా లే, వెళ్దాం అని పిలుస్తున్నాడు.

చెవులు ఎర్రగా ఉన్నాయి. మొహమంతా ఎర్రగా ఉంది.

అక్టోబర్ 13, సోమవారం, పొద్దున్న

కొండ మీదే ఉన్నాం. ఉండిపోయిన వాళ్ళకని హాల్లో చాపలు వేశారు. మనవరాలు నా ఒళ్ళో పడుకుంది. కోడలు గోడ వైపు తిరిగి పడుకుంది. మావాడు బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఆరు కొట్టడం చూశాను. వాడూ చూశాడు.

నిన్న గేటు దగ్గర జరిగింది ఇది.

తాళాలన్నీ గేటు పక్క షెడ్డులో మేకులకి వేలాడుతున్నాయి. బ్యాండు ఉన్న చేతికి తప్ప ఇంకో చేతికి ఇవ్వరు. నన్ను ముందు నిలబెట్టారు. ఆ అమ్మాయి నా బ్యాండు చూసి, కారు నంబరు చూసి, తాళం తీసి నా అరచేతిలో పెట్టింది. చల్లగా ఉంది. పక్కనుంచి మావాడు చెయ్యి చాపాడు, మామూలుగా, సంచి అందుకోవడానికి చాపినట్టు.

నేను పిడికిలి బిగించాను.

మొదట నవ్వాడు. ఏంటమ్మా, నువ్వే తోలతావా అన్నాడు. తర్వాత బతిమాలాడు, చిన్నప్పుడు పిలిచినట్టు పిలిచాడు. తర్వాత నా చెవి దగ్గర పళ్ళు బిగించి, ఇరవై ఏళ్ళ సర్వీసు, కళ్ళు మూసుకుని దింపేస్తాను, ఇయ్యి అన్నాడు. ఆ కళ్ళు మూసుకోవడమేరా నా భయం అన్నాను. ఇన్నేళ్ళూ నీ భయాలతో మమ్మల్ని చంపావు, ఇప్పుడు నా ఉద్యోగాన్ని కూడా చంపుతావా అన్నాడు.

ఆ మాట నాకు తగిలింది. తగలదా. స్టీరింగు పోతే వాడు మనిషిలా ఉండడు. నాకు తెలుసు. ఎన్నోసార్లు ఊరికే భయపడ్డాను, ఇదీ ఊరికేనేమో. వాడు ఎన్నిసార్లు క్షేమంగా ఇల్లు చేరలేదు! వేళ్ళు కాస్త వదులయ్యాయి కూడా.

అప్పుడు ఆ గేటు అమ్మాయి తల బయట పెట్టి, ఏమైనా ఇబ్బందా అమ్మా అని అడిగింది.

తాగాడమ్మా అంటే అయిపోయింది. డ్రైవరు ఉద్యోగం వాడిది. పేరు రాసుకుంటారు, పోలీసులకి చెప్తారు, లైసెన్సే పోతుంది. ఏమీ లేదమ్మా అంటే కారెక్కాలి. మావాడు నా మొహంలోకే చూస్తున్నాడు. కోడలి భుజం మీద పిల్ల నిద్రపోతోంది, కాలికి ఒక్క బూటే ఉంది.

నాకు కళ్ళు తిరుగుతున్నాయమ్మా అన్నాను. ఇవాళ నేను బండి తోలలేను అన్నాను.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. సైకిలు కూడా తొక్కినదాన్ని కాను. మావాడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏమంటాడు? తోలేది ఆవిడ కాదు, నేను అంటే పొద్దున్న చెప్పింది అబద్ధమని తేలుతుంది, ఇటు వచ్చి నోరు తెరిచి ఊదు అంటారు. ఆ అమ్మాయి నా చేతిలోంచి తాళం తీసుకుంది. మళ్ళీ మేకుకి తగిలించింది. రూలు అంతేనట, బ్యాండు మనిషి తోలలేకపోతే తాళం తెల్లారేదాకా ఇక్కడే. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. మీ దగ్గర నేర్చుకున్నాడుగా, బ్యాండు మీ అబ్బాయికే కట్టించాల్సింది అమ్మమ్మగారూ అంది పాపం.

మావాడు నవ్వలేదు.

మా పక్కనుంచి కార్లు ఒక్కొక్కటే గేటు దాటాయి. ఎర్ర లైట్లు రెండు కనిపించేవి, ఒకటయ్యేది, మంచులో కలిసిపోయేది. దేవుడా, వీళ్ళందరినీ ఇల్లు చేర్చు అనుకున్నాను. వీళ్ళు చేరితే నాది తప్పవుతుందని అప్పుడు తోచలేదు.

అక్టోబర్ 15, బుధవారం

దించేశారు. బస్సులు కడిగే పని ఇచ్చారు. ఎన్నాళ్ళో చెప్పలేదట. ఇవన్నీ కోడలు చెప్తే తెలిసింది. మావాడు నాతో మాట్లాడటం లేదు.

ఇంటికొచ్చేసరికి ప్యాంటు మోకాళ్ళదాకా తడి. వంగి ఆరేస్తుంటే నేను చూడటం చూశాడు. తలుపు వేసుకున్నాడు.

అక్టోబర్ 19, ఆదివారం

గడ్డం వచ్చాడు. ఆ సాయంత్రం కొండ దిగిన బళ్ళన్నీ క్షేమంగా చేరాయట. ఒక్కదానికీ గీత కూడా పడలేదట. కొందరైతే వాళ్ళ బ్యాండ్లు వీళ్ళకి కట్టి మనలాగే వేషాలేశారు, తాగే దిగారు బావా, ఏమీ కాలేదు అన్నాడు. చెప్పాక నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు.

మావాడు తల వంచుకుని అన్నం తింటున్నాడు. కోడలు గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

చేరారు, మంచిదే. దండం పెట్టుకున్నదీ అందుకే.

కానీ మా కారు వాటిల్లో లేదు కదా. మాది ఎలా దిగేదో గడ్డానికి తెలుసా? నాకు తెలుసా? వాడికి తెలుసా? ఎవరికీ తెలీదు. ఇంక తెలియదు కూడా. ఈ విషయం ఫోను చేసి అడగడానికి ఎవరూ లేరు.

పిల్ల నా పక్కనే కూర్చుని రెండు బూట్లూ తనే వేసుకుంది. ఎడమది కుడికి వేసుకుంది. నేను మార్చలేదు.

అక్టోబర్ 22, బుధవారం

బీపీ పెరిగింది. డాక్టరమ్మ రాస్తున్నావా అని అడిగింది. రాస్తున్నానన్నాను. ఏం రాస్తున్నావని అడగలేదు.

అక్టోబర్ 24, శుక్రవారం

మావాడు ఇవాళ మంచినీళ్ళు అడిగాడు. ఎవర్నీ పిలవలేదు, ఊరికే మంచినీళ్ళు అన్నాడు.

వంటింట్లో ఉన్నది నేనొక్కదాన్నే.