పాత గుండె జబ్బు

నాన్నా, నేను కులాసా, నా గురించి బెంగ పెట్టుకోకు. ఆసుపత్రి ఫైళ్ళు చదివి ఒక్కో జబ్బుకూ దాని కోడ్ వేయడం నా పని కదా. నిన్న, నీలాగే గుండె మార్పిడి చేయించుకున్న ఒకాయన ఫైలులో పాత జబ్బు కోడ్ కూడా వేసేశాను. మా మేడమ్ దాన్ని కొట్టేసి, "ఆ జబ్బు పాత గుండెదమ్మా. ఆ గుండే లేనప్పుడు ఇంక జబ్బెక్కడిది?" అన్నారు. కళ్ళనీళ్ళు ఆగలేదు నాకు.

డాక్టరు ఎక్కమన్నా నువ్వింకా మెట్ల దగ్గరే ఆగిపోతున్నావట, అమ్మ చెప్పింది. ఎక్కు నాన్నా, మెల్లగా. మాత్రలు మాత్రం ఒక్క పూట మానేశావో, ఊరుకోను. వంటింటి కొళాయి బాగుచేయించారా?

కార్డు మీద చోటయిపోయింది. అమ్మకీ, నీకూ, నీలోకి వచ్చి నిన్ను మాకు మిగిల్చిన ఆ కొత్త చుట్టానికీ నమస్కారాలు.

నీ చిట్టి