మూడు కంప్యూటర్ల కాపురం

బిర్సానగర్, ఆదివారం

రాంచీ హాస్టల్లో ఉన్న మా ఇంజినీరమ్మ మైత్రికి, దేముడు తాత దీవించి రాత్తన్న ఉత్తరం.

నీ ప్రాజెక్టుకి కంప్యూటర్ ముట్టని ముసలోడు కావాలన్నావు. నాకన్నా మంచి ముసలోడు జంషెడ్‌పూర్‌లో దొరకడు. మీ నాన్న విండోసు, మీ అమ్మ మ్యాకు, మూలనున్న లినక్సు, ఈ మూడు కంప్యూటర్లనీ ఇంటి వైఫైలో కలిపి, ఒకదాన్లో ఫొటో మిగతా రెండింట్లో చూడాలి. నువ్వు పంపిన కాగితం చూసి అన్నీ చేసినాను. ఏదాన్ని అడిగినా పక్కన ఎవులూ లేరంటంది. రాసుకో: మూడూ సమానంగా పనికిమాలినవి.

మీ తాత

తా.క. మీ మామ్మ సూర్యకాంతం నవ్వుతోంది. పట్టించుకోకు.

రాంచీ, బుధవారం

నా ఒక్కగానొక్క తాతకి,

అలా రాస్తే మా సార్ నన్ను ఫెయిల్ చేస్తారు. ఏది సులువో తేలాలి, నెలాఖరుకి రిపోర్టు ఇవ్వాలి. ఫోన్లో సాయం చెయ్యకూడదు, అంతా కాగితం మీదే ఉండాలి. మూడూ ఒకే వైఫైలో ఉన్నాయా? షేరింగ్ ఆన్ చేశావా?

నీ మైత్రి

తా.క. ఇంతకీ నిన్న ఫోన్లో నాన్న ఎందుకు కోపంగా ఉన్నాడు?

బిర్సానగర్, శనివారం

తాతనే అనుమానించే మనవరాలికి,

వైఫై ఒకటే. షేరింగూ ఆనే. ముప్పయ్యేళ్లు కార్ఖానాలో మోటార్లు బాగుచేసినోడిని, నాకేటి చెప్తావు? పని ఒళ్లు దగ్గరెట్టుకునే సేత్తన్నాను. ఒకదాని మీద చెయ్యేసే ముందు మిగతా రెండూ బంద్ చేసి, ప్లగ్గులు పీకి పెట్లో పెట్టి తాళమేసి, పైన 'ఆద్మీ కామ్ పర్ హై', అంటే మనిషి పనిలో ఉన్నాడని, ఎర్ర బోర్డు తగిలిత్తన్నాను. తాళంచెవి నా జేబులోనే. అలా చేసే మా కార్ఖానాలో ఒక్కడికీ షాక్ కొట్టలేదు తెలుసా.

మీ తాత

తా.క. మీ నాన్న ఆఫీసు మీటింగు మెట్లమీద కూచుని ఫోన్లో చేసుకున్నాడు. కోపం అందుకే.

రాంచీ, మంగళవారం

తాతా,

పక్కింటివాళ్లని నిద్రపుచ్చి, తలుపు తియ్యట్లేదేమని తిడుతున్నావు. మూడూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి. దండం పెడతాను.

మైత్రి

తా.క. రిపోర్టుకి నాలుగు రోజులే ఉన్నాయి. స్పీడ్ పోస్టులో పంపు.

బిర్సానగర్, గురువారం

మైత్రమ్మకి,

మ్యాకుకి ఏడు నిమిషాలు. విండోసుకి పదిహేను, ఇది ఇంటి వైఫైయా బయటి వైఫైయా అని అడుగుద్ది, ఇల్లేనని చెప్పాలి. లినక్సుకి నలభై, నీ కాగితంలో ముక్కలన్నీ చూసి టైపు కొట్టాలి. ఒకసారి కుదిరాక మూడూ ఒకేలా పనిచేత్తన్నాయి.

ఇప్పుడు నిజం రాత్తన్నాను. ఆ నిమిషాలు నావి కావు. మూడు మిషన్లు ఒకేసారి నడుత్తుండగా చెయ్యెట్టడం రూలు కాదని నేను మొండికేసి, గంటసేపు అరుగు మీద కూచుని, ఆనక స్నానానికెళ్లాను. తువ్వాలు కట్టుకొని వచ్చేసరికి మూడు తెరల మీదా నా పెళ్లి ఫొటో. వాటి ముందు మీ మామ్మ, కళ్లద్దాలెట్టుకుని, నీ కాగితం మీద టైములు ఏసుకుంటంది. ఎనిమిదో తరగతి చదివింది, జన్మలో కంప్యూటర్ ముట్టలేదు. మీ సారు అడిగిన మనిషి అదే. నా పేరు కొట్టేసి సూర్యకాంతం అని రాయి, అచ్చరాలు పెద్దవిగా. కాసిడీహ్ బస్తీ దాకా తిరిగి అందరికీ చెప్పొచ్చాను.

సూర్యకాంతం మొగుడు

తా.క. మాంగో బస్తీలో రెండిళ్లవాళ్లు తమ కంప్యూటర్లు కూడా కలపమని దాన్ని పిలిచినారు. ఆటోలో పోతన్నాం. సంచీ నేను మోత్తన్నాను.