ముప్ఫై ఒక్క నవలలు, ఒక ఎర్ర పెన్సిలు

సూరప్పలంక,
12-9-1999.

చిరంజీవి పావనికి అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. మీ నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది. తగ్గింది కదా అని సైకిలెక్కి పొలం వెళ్ళారు, మళ్ళీ వచ్చింది. విశాఖపట్నం హాస్టల్లో సాంబారు నీళ్ళలా ఉంటోందని రాశావు. ఆవకాయ సీసా పంపుతున్నాను. గదిలో అందరికీ పంచేసి నువ్వు ఖాళీ సీసా చూసుకుంటూ కూర్చోకు.

ఇక అసలు సంగతి. గెలిచాం పావనీ! మన లైబ్రరీలో టీనేజి నవలల బీరువా తాళం తీయించాను. లైబ్రేరియన్ కామేశం గారి ఉద్యోగం కూడా నిలబడింది. "అమ్మా, ఆ పుస్తకాలకి నువ్వే ఉరి వేసేస్తావా?" అని అడిగావు పోయిన ఉత్తరంలో. వెయ్యలేదే తల్లీ. ఈ ఉత్తరం నీ గది పిల్లలకి కూడా చదివి వినిపిస్తానన్నావు కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను.

మే నెలలో ఎవరో ఆకాశరామన్న మన లైబ్రరీ కమిటీకి ఉత్తరం పడేశాడు. టీనేజి నవలలు చదివి ఊళ్ళో ఆడపిల్లలు పరీక్షలు తప్పుతున్నారనీ, వాటిని తెప్పిస్తున్న కామేశం గారిని తీసెయ్యాలనీ దాని సారాంశం. ప్రెసిడెంటు పల్లంరాజు గారు బీరువాకి తాళం వేయించి, "ముందు ఎవరో ఒకరు చదివి చెప్పాలి కదండీ" అన్నారు. కమిటీలో మగాళ్ళందరికీ సార్వా నారుమళ్ళ పనులు గుర్తొచ్చాయి. చివరికి, "శ్యామలాంబ గారు కుట్టు టీచరు. కుట్టు వెంట్రుకవాసి వంకర పోయినా ఊరుకోరు. ఆవిడకిద్దాం" అని ముప్ఫై ఒక్క నవలలూ రెండు సంచుల్లో మనింటికి పంపారు. తప్పుడు మాటల కింద గీత పెట్టమని ఎర్ర పెన్సిలు కూడా ఇచ్చారు.

ఏవి నచ్చాయని అడిగావు. ముందు నచ్చనివి చెప్తాను, నా నోరు ఊరుకోదు. "తొలకరి స్కూటర్" అని ఒకటుంది. అందులో కుర్రాడు రోజుకి మూడూళ్ళు తిరుగుతాడు. పెట్రోలు ఎవరి బాబు పోయిస్తున్నాడో రాయలేదు. ఆ అమ్మాయి కళ్ళని పదిహేడుసార్లు వర్ణించాడు, ఆ కళ్ళతో ఆ పిల్ల ఏం చూసిందో ఒక్కసారీ చెప్పలేదు. "వెన్నెల హాస్టల్" రాసినాయన జన్మలో లేడీస్ హాస్టల్ గుమ్మం తొక్కి ఉండడు. అందులో పిల్లలు పొద్దున్నే లేచి వీణ వాయించుకుంటారు. మీరేమో బకెట్ కోసం కొట్టుకు చస్తున్నారు!

అన్నిటికన్నా ఆ నవలల్లో తల్లుల్ని చూస్తే ఒళ్ళు మండిపోయింది. సగానికి పైగా పుస్తకాల్లో తల్లికి పేరే లేదు. కాఫీ ఇస్తుంది, కళ్ళొత్తుకుంటుంది, లోపలికి పోతుంది. లోపలికెళ్ళి ఏం చేస్తుందో ఒక్కడికీ అక్కర్లేదు. కమిటీవాళ్ళు చెప్పిన తప్పులు నాకు పెద్దగా దొరకలేదు గానీ, పెన్సిలు మాత్రం ఈ తల్లుల కిందే అరిగిపోయింది.

మంచివి లేవని కాదు. "గవ్వల దిబ్బ" చదివావా? ఉప్పాడ వైపు కథ. సముద్రం ఇంటిని కొరుక్కుతింటుంటే ఆ చేపలవాళ్ళ పిల్ల ప్రతిసారీ ముందు బడి పుస్తకాలు బయటికి తెచ్చి, తర్వాతే గిన్నెలు తెస్తుంది. ప్రేమా లేదు, దోమా లేదు. అది చదువుతూ కూర్చుంటే ఆ రోజు మనింట్లో పులుసు మాడిపోయింది. మీ నాన్నగారు నోరెత్తకుండా మజ్జిగన్నం తిని లేచారు.

ఆ తర్వాత నీ పుస్తకం చదివాను. "నంబరు రాని వేసవి". నీ పుస్తకమని ఎందుకన్నానో చెప్తాను. అందులో అమ్మాయి ఇంటర్ తప్పుతుంది. ఇంట్లో చెప్పలేక, ట్యూషన్‌కని బయల్దేరి పదకొండు రోజులు బస్టాండులో కూర్చుంటుంది. తల్లికి చెప్పాల్సిన ఒక్క మాటనే రోజుకో రకంగా బస్సు టిక్కెట్ల వెనక రాసుకుంటుంది. ఒక్కటీ చెప్పలేకపోతుంది. ముక్కు చీదుకుంటూ చివరి పేజీ తిప్పితే, అట్ట లోపల తేదీలు వేసే చీటీ కనిపించింది. కామేశం గారి చాదస్తం నీకు తెలిసిందే కదా, అక్కడే కూర్చుని చదివినా సరే, తేదీ ముద్ర గుద్ది సభ్యుడి నంబరు వెయ్యందే పుస్తకం చేతికివ్వరు. ఆ చీటీ మీద వరసగా నాలుగు రోజులు ఒకటే నంబరు ఉంది. నూటపన్నెండు. నీది. మొదటి ముద్ర నీ ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటిది.

మా కాలేజీ నంబర్లు ఇంకా రాలేదని నువ్వు మాకు చెప్పిన నాలుగు రోజులూ అవేనే పావనీ.

ఇంక నేను ఆగలేదు. ముప్ఫై ఒక్క చీటీలూ పరిచి చూశాను. పోయిన ఆదివారం కమిటీ మీటింగులో పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టించాను. మన వీధి వీరమ్మ ముందే లేచి, "మా దుర్గాసాయి వీటివల్లే తప్పిందండీ, కాల్చెయ్యండి" అంది. "ఉండవమ్మా" అని చీటీలు చూపించాను. జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా ఒక్క ఆడపిల్ల నంబరూ లేదు. ముద్రలన్నీ ఫలితాల తర్వాతివే.

"చూసుకోండి. పిల్లలు ఇవి చదివి తప్పలేదు. తప్పాక, మన మొహాలు చూడలేక ఇవి చదువుకున్నారు. వీటిలో చెత్త ఉంది, ఏది చెత్తో నేను రాసిచ్చాను. చెత్త ఉందని బీరువాకి తాళం వేస్తామా? బియ్యంలో రాళ్ళుంటే ఏరుకుంటాం గానీ అన్నం మానేస్తామా?" అన్నాను.

వీరమ్మ తన కూతురి నంబరున్న చీటీని రెండుసార్లు చదువుకుంది. పల్లంరాజు గారు మీసం నిమురుకుని, "మరి ఆ ఉత్తరం రాసినోడు ఊరికే రాశాడంటారా? ఎవడో తెలిస్తే నాలుగు దులుపుదుము" అన్నారు.

ఇక్కడ కలం పక్కనబెట్టి మంచినీళ్ళు తాగి వచ్చాను. మీటింగులో అంతమంది ముందు చెప్పిన మాట ఇప్పుడు నీకూ రాస్తున్నాను. "ఆ ఉత్తరం నేనే రాశానండీ" అన్నాను.

అవును తల్లీ. ఆ ఆకాశరామన్నని నేనే. ఆ నాలుగో రోజున వీరమ్మ చెబితే నువ్వు తప్పిన సంగతి తెలిసి, లైబ్రరీకి పరిగెత్తుకొచ్చి నీ చేతిలో పుస్తకం లాగి విసిరేశాను కదా, ఆ మర్నాడే రాశాను. అక్షరం పోల్చుకుంటారని ఎడం చేత్తో రాసి, రావులపాలెం వెళ్ళి పోస్టు చేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. పాపం కామేశం గారి మీద, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు పడింది. పైగా ఆ పుస్తకాల మీద తీర్పు చెప్పమని నాకే ఇచ్చారు, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు!

కామేశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను. "మీ అమ్మాయి ఆ నాలుగు రోజులూ కిటికీ పక్కనే కూర్చుందండీ. ఏమైందని అడిగితే బెదిరిపోయి రావడం మానేస్తుందేమోనని అడగలేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చేవాణ్ణి" అన్నారు. చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఆయన తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "మీరే తియ్యండమ్మా" అన్నారు. తీశాను! చప్పట్లు కొట్టారే! దుర్గాసాయి వాళ్ళమ్మ ఎదుటే రెండు నవలలు పట్టుకుపోయింది. పల్లంరాజు గారు గొంతు సవరించుకుని "గవ్వల దిబ్బ" ఇంటికి తీసుకెళ్ళారు. కొత్త పుస్తకాలు ఏరే పని ఇకనుంచి నాదే. పేరు లేని తల్లులున్న నవల ఒక్కటి రమ్మను, చెప్తాను.

ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. నువ్వూ విశాఖపట్నంలో మళ్ళీ పరీక్షకి చదువుకుంటున్నావు. నాకు మాత్రం ఒకటే గుచ్చుకుంటోంది. ఆ నాలుగు రోజులూ పూటపూటా ఎదురుగా కూర్చుని నీకు అన్నం పెట్టాను. నీ మొహం చూడలేదు. ముక్కూ మొహం తెలియని రచయిత ఎవరో నీ పక్కన కూర్చున్నారు, నేను కూర్చోలేదు. నవలల్లో తల్లులకి క్షమించమని అడగడం రాదు. నాకు వచ్చు. నన్ను క్షమించు.

ఇకమీదట ఏ నంబరు రాకపోయినా, ఎవరు ఏమన్నా, ముందు పుస్తకానికే చెప్పుకో. నేనేమీ అనుకోను. ఆ వెంటనే మాత్రం నాకే చెప్పాలి.

ఇట్లు,
నీ మొండి అమ్మ,
శ్యామలాంబ.