లెక్కలో చేరని పూట

నాయనా రాజేశం,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. మస్కట్‌లో, దార్సైట్‌లోని మీ అక్క ఇంటికి వచ్చిన నేను, నీ కూతురు లతను తీసుకుని అల్ హైల్‌లో నువ్వున్న రూమ్‌కి వెళ్లాను.

నీ భార్య పోయాక నువ్వు లతను పక్కింట్లో వదిలి మస్కట్ వచ్చేశావు. నేను కేసు వేస్తే కోర్టు పిల్లను నాకు అప్పగించి, తండ్రి నెలకెంత పంపగలడని అడిగింది. నీ జీతం రియాళ్లను రూపాయల్లోకి మార్చి, అందులో ముప్పాతిక అన్నాను. లెక్కల టీచర్ని కదా, ఎవరూ కాదనలేదు. నువ్వు ఇక్కడ రియాళ్లతోనే కొనుక్కు తినాలన్నది నాకు తట్టలేదు.

అందరూ కలిసి వండుకునే మెస్‌లో నువ్వు రాత్రి భోజనం మానేశావట. నీ రూమ్‌లో ఉండే మల్లేశం చెప్పాడు: "మస్తు తిట్టినమమ్మా. 'మా అమ్మ లెక్క తప్పుతదారా' అని నవ్వెటోడు."

నువ్వు ఒక్క నెలా తప్పలేదు. డబ్బు అందిందని రాశానే గాని, తిన్నావా అని ఎన్నడూ అడగలేదు.

చీకటి పడగానే మాకు అన్నం పెట్టారు. నేను పర్సు తీయబోతే మల్లేశం కసిరాడు: "టీచరమ్మా, ఈడ గూడ లెక్కలేనా?"

లత కడుపునిండా తిన్నది. నువ్వు వదులుకున్న పూట నేనూ తిన్నాను.

మీ అమ్మ