పక్క ఫ్లాటులో మూసిన తలుపు

అక్కా,

ఈరోజు మన పక్క ఫ్లాటులో మంటలు లేచాయి. కూతురి దగ్గర ఏడాదిగా ఉన్న సుగుణత్త, నడవలేని మామయ్యను తీసుకుని నిన్ననే మణికొండలోని ఆ ఫ్లాటుకు తిరిగొచ్చింది. నువ్వు పోయిన సంగతి ఆమెకింకా తెలియదు. నేనూ చెప్పలేదు.

పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన ఫోను పేలి పరుపు అంటుకుంది. కేక విని నేను ల్యాప్‌టాప్ వదిలేసి పరిగెత్తేసరికి అత్త ఆ గది తలుపు మూసేసి, హాల్లో ఉన్న మామయ్యను లేపుతోంది. ఇద్దరం కలిసి ఆయన్ని కుర్చీతో సహా మెట్ల దాకా లాక్కొచ్చాం.

ఫైరింజను వచ్చి ఆర్పింది. పడకగది మొత్తం కాలిపోయింది. హాలుకు పొగ వాసన తప్ప ఏమీ కాలేదు. మంట గది నుంచి గదికి ఎలా పాకుతుందో నువ్వు ల్యాబులో ఏళ్ల తరబడి పరిశోధించావు. ఆ నల్లబడ్డ తలుపు ముందు నిలబడితే నాకు ఏడుపు కూడా రాలేదు.

"తలుపెవరు మూసిండ్రు?" అని ఫైర్ ఆఫీసర్ అడిగాడు.

"నేనే సార్. ఈ పిల్ల అక్క మంటల మీదనే రీసెర్చ్ చేస్తది. గది తలుపు మూసి బయటికి రావాలె అత్తా, మంట ఆడనే ఆగుతది అని ఎన్నిసార్లు చెప్పిందో."

తర్వాత నా చేయి పట్టుకుంది.

"జర అక్కకు ఫోన్ చేసి చెప్పు బిడ్డా. సంతోషపడతది."

చెప్తానన్నాను. ఇదిగో, ఈ ఉత్తరంలో చెప్పాను.